చెరిపేసిన పేర్లు, తిరిగి రాసిన చేతులు

నల్లబల్ల గురించి, సుద్దముక్క గురించి హాస్టల్లో పెరిగినవాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. రేపటి మెనూ, మెస్ కమిటీ పేర్లు, లెక్కల సూత్రాలు అన్నీ దాని మీదే రాసుకున్నాం. ఆస్ట్రేలియాకు చెందిన ఆర్చీ మూర్ అనే కళాకారుడు ఒక భవనం లోపలి గోడలకూ పైకప్పుకూ నల్లరంగు పూసి, సుద్దముక్క పట్టుకుని వారాల తరబడి తన బంధువుల పేర్లు రాశాడు. 2024లో ఇటలీలోని వెనిస్ నగరంలో ఇది జరిగింది. 1895 నుంచి అక్కడ వెనిస్ బియెనాలే అనే ప్రపంచ కళా ప్రదర్శన నడుస్తోంది. చాలా దేశాలకు అక్కడ సొంత భవనాలున్నాయి. ఆస్ట్రేలియా భవనం నిండా మూర్ తన వంశవృక్షం రాశాడు. ఆ ఏడు అన్ని దేశాల భవనాల్లోకీ ఉత్తమమైనదిగా దానికి 'గోల్డెన్ లయన్' బహుమతి వచ్చింది. ఆస్ట్రేలియాకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

ఆ కృతి పేరు 'కిత్ అండ్ కిన్'. మన మాటల్లో 'అయినవాళ్ళు' అనుకోవచ్చు. అయితే 'కిత్' అనే మాటకు పాత ఇంగ్లీషులో పుట్టిన నేల అనే అర్థం కూడా ఉండేదట. మూర్ తల్లి వైపు కమిలరోయ్, బిగాంబుల్ తెగలవాడు. తండ్రి వైపు బ్రిటిష్, స్కాటిష్ మూలాలున్నాయి. 'నేను' అన్న దగ్గర మొదలుపెట్టి 2,400 తరాలు, అంటే 65,000 ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాడు.

మిత్రులారా, మేము మా ఇళ్ళలో డిగ్రీ మెట్టెక్కిన మొదటివాళ్ళం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. చిత్రకళ మా సబ్జెక్టు కాదు. పెద్ద పెద్ద గ్యాలరీలలో జరిగే సంగతులు మనకెందుకు అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉంటారని తెలుసు. అయినా వార్షికోత్సవ సంచికలో దీని గురించే రాయాలనుకున్నాం. మన గురించి ఎవరు రాశారు? ఏ ఫైల్లో, ఏ పేరుతో రాశారు? ఆ రాతను మార్చే హక్కు మనకుందా? ఈ ప్రశ్నల్ని పుస్తకాల్లో అడిగినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. తమ సొంత ఒంటితో, సొంత ఇంటి పేర్లతో, అడవి చెట్ల మానులతో అడిగిన మూలవాసీ కళాకారులు కొద్దిమంది ఉన్నారు. వాళ్ళ పనుల్ని మనం తెలుసుకోవాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

మూర్ గోడ మీద అన్నీ పేర్లే ఉన్నాయనుకుంటే పొరపాటు. కొన్ని తరాలు వెనక్కి పోగానే కాగితాల్లో పేర్లు దొరకవు. తెల్ల అధికారులూ, పశువుల క్షేత్రాల యజమానులూ పనివాళ్ళకు తోచిన పేరు పెట్టి పిలిచారు. తిట్టుమాటలే పేర్లయిపోయాయి. మనిషి పేరు బదులు రక్తం ఎంత శాతం 'నలుపో' చెప్పే మాట రాసి ఊరుకున్న చోట్లూ ఉన్నాయి. మూర్ వాటిని దాచలేదు, దిద్దలేదు. రికార్డులో ఎలా ఉందో అలాగే గోడ మీదికి ఎక్కించాడు. ఇంకా పైకి పోతే అమ్మ, అత్త, తాత అని చెప్పే వాళ్ళ భాషలోని చుట్టరికపు మాటలు మిగులుతాయి. మధ్యలో అక్కడక్కడా పెద్ద పెద్ద నల్లని ఖాళీలు. ఊచకోతలు, బయటినుంచి వచ్చిన రోగాలు, విపత్తులు వంశాల్ని తెంపేసిన చోట్లు అవి. ఆ ఖాళీల్ని ఆయన ఊహతో నింపలేదు. మాకు అన్నిటికంటే నచ్చింది అదే.

గది మధ్యలో నల్లని నీళ్ళ మడుగు, దాని మీద పెద్ద బల్ల. బల్ల మీద తెల్లకాగితాల దొంతరలు, 500కు పైగా పత్రాలు. వాటిలో ఎక్కువ భాగం పోలీసు కస్టడీలోనూ జైళ్ళలోనూ చనిపోయిన మూలవాసుల మరణాలపై జరిగిన విచారణల నివేదికలు. చనిపోయినవాళ్ళ పేర్లను గౌరవంగా కొట్టేశారు. ఆయన సొంత కుటుంబం గురించిన ప్రభుత్వ కాగితాలు కూడా అందులో ఉన్నాయి. దగ్గరికి పోయి తిరగేయడానికి నీళ్ళు అడ్డం. గోడల మీది పేర్లు ఆ నీళ్ళలో కనిపిస్తాయి. ఒక పక్క సర్కారు రాసిన మనుషులు, మరో పక్క ఇంటివాళ్ళు రాసిన మనుషులు.

ఆ కాగితాల వెనక ఉన్న చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1788లో బ్రిటిష్ వాళ్ళు 11 ఓడల్లో ఖైదీలను, సైనికులను తీసుకుని సిడ్నీ తీరానికి వచ్చారు. అప్పటికే వందల భాషలు మాట్లాడే జనం అక్కడ ఉన్నారు. అయినా ఆ నేల ఎవరికీ చెందనిదన్నట్టే పాలన సాగింది. యుద్ధం చేసి గెలిచామని కూడా అనలేదు, ఒప్పందమూ రాసుకోలేదు. ఉన్న మనుషుల్ని లేరన్నారు. 'సంరక్షణ' పేరుతో 1897లో క్వీన్స్‌లాండ్‌లో ఒక చట్టం తెచ్చారు. ఆ చట్టం, దాని సవరణల కింద మూలవాసులు ఎక్కడ బతకాలో, ఎవర్ని పెళ్ళాడాలో, వాళ్ళ కూలి డబ్బు ఎవరి చేతిలో ఉండాలో అధికారి చెప్పేవాడు. దేశ జనాభా లెక్కించేటప్పుడు మూలవాసుల్ని లెక్కలోకి తీసుకోరాదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఆ వాక్యం తీసేయడానికి 1967లో రెఫరెండం జరగాల్సి వచ్చింది. కస్టడీ మరణాలపై వేసిన రాయల్ కమిషన్ 99 మరణాలను పరిశీలించి 1991లో నివేదిక ఇచ్చింది. అప్పటినుంచి 2024 నాటికి మరో 550 మందికి పైగా మూలవాసులు కస్టడీలో చనిపోయారు. జనాభాలో నాలుగు శాతం కూడా లేనివాళ్ళు జైళ్ళలో మూడో వంతు ఉన్నారు. మూర్ బల్ల మీది దొంతరలు పాత చరిత్ర కావని చెప్పడానికే ఈ లెక్కలు.

మూర్ కంటే ముందే ఈ పని చేసినవాళ్ళున్నారు. 1988లో ఆస్ట్రేలియా ప్రభుత్వం తెల్లవాళ్ళ రాకకు 200 ఏళ్ళు నిండాయని సంబరాలు జరిపింది. జనవరి 26న సిడ్నీ వీధుల్లో మూలవాసులూ, వాళ్ళకు తోడు నిలిచినవాళ్ళూ వేలాదిగా నిరసన తెలిపారు. ఉత్తరాన ఆర్నెమ్‌లాండ్‌లోని రామింగినింగ్ ప్రాంతానికి చెందిన 43 మంది కళాకారులు మరో విధంగా జవాబు చెప్పారు. చెదలు తిని లోపల బోలైన చెట్టు మానుల్ని తెచ్చి, వాటి మీద తమ తమ వంశాల గుర్తులు గీశారు. వాళ్ళ ఆచారంలో మనిషి పోయిన కొన్నాళ్ళకు ఎముకల్ని అలాంటి బోలు మానులో ఉంచుతారు. ఏడాదికి ఒకటి చొప్పున 200 మానులు. తమ నేలను కాపాడుకుంటూ చచ్చిపోయి, అంత్యక్రియలకు కూడా నోచుకోనివాళ్ళందరికీ కలిపి చేసిన కర్మ అది. ఆలోచన మూలవాసి అయిన జాన్ మండైన్‌ది. 'అబోరిజినల్ మెమోరియల్' అనే పేరుతో అవి రాజధాని కాన్‌బెర్రా జాతీయ గ్యాలరీలో ఉన్నాయి. గ్లైడ్ నది పొడవునా ఏ వంశం వారి నేల ఎక్కడుందో, ఆ క్రమంలోనే మానుల్ని నిలబెట్టారు. చూడవచ్చినవాళ్ళు నది నడిచినట్టు మధ్యలో నడవాలి. సంబరం చేసుకుంటున్న దేశం నట్టింట్లో 200 శవపేటికలు నిలబెట్టి, ఒక్క తిట్టుమాట కూడా వాడకుండా చెప్పాల్సింది చెప్పారు.

ఇక అమెరికా. జేమ్స్ లూనా పేరు మన హాస్టల్ విద్యార్థులు తప్పక గుర్తుంచుకోవాలని మా కోరిక. కాలిఫోర్నియాలో లా హోయా రిజర్వేషన్‌లో నివసించిన లుయిసెన్యో తెగ మనిషి. 2018లో చనిపోయాడు. కళాకారుడిగా పేరు వచ్చినా ఒక కాలేజీలో విద్యార్థులకు సలహాలిచ్చే కౌన్సెలర్‌గా పనిచేసేవాడు. 1987లో శాన్ డియాగోలోని మ్యూజియం ఆఫ్ మ్యాన్‌లో ఆయన గోచీ కట్టుకుని, ఇసుక పరిచిన ప్రదర్శన పెట్టెలో కదలకుండా పడుకున్నాడు. మ్యూజియంలో పాత కుండలకూ బాణాలకూ పెట్టినట్టే ఆయన ఒంటి మీది మచ్చలకు పక్కన చీటీలు పెట్టారు. తాగి పడిపోయినప్పుడు తగిలిన దెబ్బ ఇది, గొడవలో అయిన గాయం అది అని వాటిలో ఉంది. మరో పెట్టెలో ఆయన డిప్లొమాలు, విడాకుల కాగితాలు, రాక్ సంగీతం రికార్డులు, ఫొటోలు, పూజా వస్తువులు. వచ్చినవాళ్ళు బొమ్మ అనుకుని దగ్గరికొచ్చి, ఊపిరి పీలుస్తున్నాడని తెలిసి ఉలిక్కిపడ్డారు. తెలిశాక కూడా ఆయన వింటున్నాడన్న ధ్యాస లేకుండా ఆయన గురించి మాట్లాడుకున్నారట.

మ్యూజియం అంటే అయిపోయినవాళ్ళను పెట్టే చోటు అని మనకు చిన్నప్పటినుంచి ఒక భావం ఉంది. బతికున్న జాతిని ఆ పెట్టెలో పెడితే వాళ్ళు అయిపోయినట్టే లెక్క. టాస్మేనియా ద్వీపంలో ట్రుగానిని అనే స్త్రీ 1876లో చనిపోయింది. తన శవాన్ని కోస్తారేమోనని బతికుండగానే భయపడిన మనిషి ఆమె. ఆ భయమే నిజమైంది. 1904 నుంచి 1947 వరకు ఆమె అస్థిపంజరాన్ని హోబర్ట్ మ్యూజియంలో జనానికి చూపించారు. ఆమె కోరినట్టు ఎముకల్ని దహనం చేసి బూడిద నీళ్ళలో కలపడానికి 1976 వరకు ఆగాల్సి వచ్చింది. 'చివరి టాస్మేనియన్' అని ఆమెకు బిరుదు ఒకటి. ఆమె తర్వాత కూడా ఆ జాతి వారసులున్నారు, ఈ రోజుకీ ఉన్నారు. 'చివరి' అనే ఒక్క మాటతో బతికున్నవాళ్ళ హక్కులన్నీ కొట్టేయవచ్చు. లూనా పెట్టెలో పడుకుని ఊపిరి పీల్చింది ఆ మాటకు జవాబుగానే అని మేము అనుకుంటున్నాం.

ఇది సముద్రాల అవతలి సంగతి మాత్రమే కాదు. 1885 నుంచి 1908 వరకు మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతిగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ అనే దొర కొలత పరికరాలు పట్టుకుని మన మనుషుల ముక్కులూ తలలూ కొలిచాడు. రంగాచారి అనే ఉద్యోగి సాయంతో 1909లో 'దక్షిణ భారత కులాలు, తెగలు' అనే గ్రంథాన్ని ఏడు సంపుటాలుగా అచ్చు వేయించాడు. కోయలు, సవరలు, చెంచులు, మాలలు, మాదిగలు అందరూ అందులో ఉన్నారు. ఆ సంపుటాల్లో పనికొచ్చే సమాచారం లేదని మేము అనం, మా సీనియర్లు రిసెర్చి కోసం వాటిని ఇప్పటికీ తిరగేస్తున్నారు. కానీ ముక్కు కొలిపించుకున్న మనిషి ఆ దొర గురించి ఏమనుకున్నాడో ఏ సంపుటంలో వెతకాలి?

ఇక్కడే ఒక మాట చెప్పాలి. కులం చేసినదీ వలస పాలన చేసినదీ ఒకటేనని మేము కలిపేయడం లేదు. మన తాతల్ని ఊరి బయట పెట్టడానికి ఇంగ్లీషువాడు రానక్కర లేకపోయింది. పేర్ల విషయానికొస్తే మాత్రం పోలిక కనపడుతుంది. పాత కాగితాల్లో మన పెద్దల పేర్లు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకు తెలుసు. పేరు చివర 'గాడు' అనో 'ది' అనో తగిలించి, పక్కన కులం రాసి వదిలేస్తారు. మా ఇళ్ళలో అడిగి చూశాం. తాత తండ్రి పేరు దాకా చెప్పగలిగారు. ముత్తవ్వ పేరు దగ్గర అందరూ ఆగిపోయారు.

మళ్ళీ లూనా దగ్గరికి వస్తాం. 1991లో ఆయన 'నిజమైన ఇండియన్‌తో ఫొటో దిగండి' అనే మరో ప్రదర్శన మొదలుపెట్టాడు. గోచీతో ఒకసారి, ఈకల అలంకారంతో ఒకసారి, మామూలు ప్యాంటు చొక్కాతో ఒకసారి నిలబడి జనాన్ని ఫొటోలకు రమ్మనేవాడు. వేషంలో ఉన్నప్పుడే జనానికి మోజు. ప్యాంటు చొక్కా వేసుకున్న ఇండియన్ వాళ్ళకు 'నిజమైనవాడు' కాదు.

ఇది చదివినప్పుడు మాకు మన దగ్గరి ఒక సంగతి గుర్తొచ్చింది. సీతంపేట కొండల వైపునుంచి వచ్చిన సవర మిత్రుడు ఒకడు మాతోపాటు చదివాడు. ఒక కాలేజీ వార్షికోత్సవంలో 'ట్రైబల్ డాన్స్' ఐటెంకి వాణ్ణి పిలిచారు. ఆకులు కట్టుకోవాలి, మొహానికి మసి పూసుకోవాలి, బల్లెం పట్టుకుని కేకలు వేయాలి. మా వాళ్ళు పండక్కి ఆడేటప్పుడు పంచె, చొక్కా వేసుకుంటారు సార్, మసి పూసుకోరు అని వాడు చెప్పాడు. అలా అయితే ఒరిజినల్ లుక్ రాదన్నారు. ఆ వేషం ఇంకొకడికి ఇచ్చారు. ముఖ్య అతిథి ఆ ఐటెంని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. మా మిత్రుడు ఆ సాయంత్రం రూంలో కెమిస్ట్రీ రికార్డు రాసుకుంటూ కూచున్నాడు.

కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెప్తాం. మన హాస్టల్ వార్షికోత్సవంలో ఆకులు, మసి, బల్లెం ఐటెం ఉండకూడదు. ఏ తెగ ఆట ఆడినా ఆ తెగ పిల్లలు నేర్పాలి, ఏ గుడ్డలు కట్టుకోవాలో వాళ్ళే చెప్పాలి, మైకులో ఆ తెగ పేరు, ఊరి పేరు చెప్పాలి. నేర్పేవాళ్ళు లేకపోతే ఆ ఐటెం మానుకుందాం. సరదాకి వేసుకునే వేషాన్ని ఇంత పెద్దది చేయాలా అని కొందరు తమ్ముళ్ళు అంటున్నారు. ఆ సరదా ఎవరి ఖర్చుతో అన్నదే మా ప్రశ్న.

ఇంకో అభ్యంతరం మాలోనే ఒకరు లేవదీశారు, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. గోడ మీద పేర్లు రాస్తే పోయిన భూములు వస్తాయా? నిజమే. 2023 అక్టోబరు 14న ఆస్ట్రేలియాలో మరో రెఫరెండం జరిగింది. పార్లమెంటుకు సలహా ఇచ్చే ఒక మూలవాసీ ప్రతినిధి సంస్థను రాజ్యాంగంలో చేర్చాలా అన్నది ప్రశ్న. సుమారు 60 శాతం మంది వద్దన్నారు. సలహా ఇచ్చే గొంతుకే ఒప్పుకోలేదు. ఆర్నెల్లు తిరగగానే అదే దేశం మూర్‌కు వచ్చిన బహుమతికి చప్పట్లు కొట్టింది. ఆ కృతి ఇప్పుడు బ్రిస్బేన్ గ్యాలరీకీ, లండన్‌లోని టేట్‌కూ ఉమ్మడిగా చెందింది. ఏ దేశం నుంచి ఓడలు బయల్దేరాయో ఆ దేశానికే! కళను మెచ్చుకోవడం హక్కు ఇవ్వడం కంటే ఎంతో చవక. మూలవాసుల కళను గ్యాలరీలో చూసి కళ్ళు తుడుచుకుని ఇంటికి పోయేవాళ్ళ మీద మాకు నమ్మకం లేదు.

కానీ యిర్కలా సంగతి కూడా తెలుసుకోవాలి. 1963లో ఆర్నెమ్‌లాండ్‌లోని యిర్కలా దగ్గర యోల్ఙు ప్రజల నేలను వాళ్ళనడక్కుండా బాక్సైట్ గనులకు ఇవ్వబోయారు. వాళ్ళు చెట్టు బెరడు మీద తమ నేల గుర్తుల బొమ్మలు వేసి, మధ్యలో తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ టైపు చేసిన అర్జీ అతికించి పార్లమెంటుకు పంపారు. మనం తహసీల్దారు ఆఫీసులో ఇచ్చే అర్జీ లాంటిదే, కాకపోతే ఆ బొమ్మలే వాళ్ళ పట్టా. గనులు ఆగలేదు. 1971లో కోర్టులోనూ ఓడిపోయారు. కానీ ఆ ఓటమి తర్వాత వేసిన కమిషన్ వల్ల 1976లో ఉత్తర ప్రాంతానికి భూమి హక్కుల చట్టం వచ్చింది. ఆ తర్వాత 1992 జూన్ 3న మాబో కేసులో హైకోర్టు ఆ నేల ఎవరికీ చెందనిదన్న వాదాన్ని కొట్టేసింది. ఎడ్డీ మాబో ఆ తీర్పు వినకుండానే అదే ఏడు జనవరిలో చనిపోయాడు. ఇప్పుడు అక్కడ భూమి అడిగేవాళ్ళు తమ పూర్వీకులెవరో, ఆ నేలతో వాళ్ళ బంధమేమిటో కోర్టులో చూపించాలి. పేర్లు గుర్తుంచుకోవడం అక్కడ కోర్టు సాక్ష్యం కూడా. మన ఏజెన్సీలో పోడు పట్టా కోసం తిరిగినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

వచ్చే సంచికకు ఒక పని అనుకున్నాం. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి విద్యార్థీ అమ్మ వైపూ నాన్న వైపూ తెలిసినంత వెనక్కి పేర్లు అడిగి రాసుకురావాలి. ఆడవాళ్ళ పేర్లు ముందు అడగండి, అవే ముందు పోతున్నాయి. ఏ ఊరినుంచి ఏ ఊరికి వలస పోయారో, ఎవరి దగ్గర పాలేరుగా చేశారో చెప్తే అదీ రాయండి. తెలియనిచోట గీత గీసి వదిలేయండి, కల్పించి రాయవద్దు. కాగితాల్లో తిట్టుపేరుతో ఉన్నవాళ్ళ విషయంలో మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. మూర్ లాగా ఉన్నదున్నట్టు వేయాలని కొందరం, ఇంట్లో పిలిచిన పేరే వేయాలని కొందరం అంటున్నాం. అది ఆ ఇంటివాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పినట్టు వేద్దాం. పాత విద్యార్థులు పోస్టులో పంపవచ్చు. ఎన్ని పేజీలు కావాలన్నది వచ్చిన కాగితాల్ని బట్టి చూద్దామని సంచిక పని చూస్తున్న అన్న చెప్పాడు. ఉగాది లోపు అందితే చాలు.